బ్యా౦కులో సున్నా: నాన్న ఫోన్‌కి ఫిల్టర్ కట్టిన డైరీ

జూన్ 14

"మీ కరెంటు కనెక్షన్ ఈ రాత్రి 9.30కి కట్ అవుతుంది. పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు. వెంటనే మా ఆఫీసరుకు ఫోన్ చేయండి." కింద పది అంకెల నంబరు. పోయిన నెల నాన్నకి వచ్చిన మెసేజ్ ఇది. పట్నంలో ఎవరికైనా ఇలాంటిది వస్తే ఫ్యాన్ తిరగదని కంగారు పడతారు. మా నాన్న కంగారు వేరు. రాజోలు దగ్గర మా ఊళ్లో రెండెకరాల రొయ్యల చెరువు, నాలుగు ఏరియేటర్లు, అప్పటికి అరవై రోజుల పంట. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ తగ్గుతూ తెల్లవారుజామున అట్టడుగుకి వస్తుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే రొయ్యలు నీటి మీదకి తేలడం మొదలుపెడతాయి. ఇక ఆ తర్వాత లెక్క చూసుకోవడానికి ఏమీ ఉండదు. జనరేటర్లో డీజిల్ ఎంతుందో చూసుకుంటూనే నాన్న ఆ నంబరుకి ఫోన్ చేశాడు. పది రూపాయలు కడితే చాలన్నారు, ఏదో యాప్ వేసుకోమన్నారు. పదిహేడు వేలు పోయాయి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం.

నాది ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగం, డేటా పని. ఆ రాత్రి నాన్న ఒకటే అడిగాడు: "ఏరా, ఇంత చదివావు. ఇది దొంగ మెసేజని ఫోనే చెప్పేట్టు చెయ్యలేవా?" చెయ్యొచ్చు అనేశాను.

ఈ వారమంతా డేటా పోగుచేయడమే. మా ఇంట్లో మూడు ఫోన్లు, మేనత్త వాళ్లింట్లో రెండు, పక్కింటి మాస్టారిది ఒకటి. అందరినీ అడిగి, ఓటీపీలూ సొంత విషయాలూ తీసేసి, మెసేజ్‌లన్నీ ఒక ఫైల్లోకి దించాను. మంచివి రెండు వేల పైచిలుకు, దొంగవి నూట నలభై. దొంగవి తక్కువే గానీ రకాలు బాగానే ఉన్నాయి: కేవైసీ, కరెంటు, లాటరీ, పార్సిల్, రైతు పథకం పేరు చెప్పి పంపే యాప్ ఫైలు. సగం తెలుగు లిపిలో, సగం ఇంగ్లీష్ అక్షరాల తెలుగులో.

జూన్ 21

మోడల్ సంగతి త్వరగా చెప్పేస్తాను, అందులో గొప్పేమీ లేదు. సైకిట్-లెర్న్ (మెషిన్ లెర్నింగ్‌కి వాడే రెడీమేడ్ పైథాన్ కోడు) తీసుకున్నాను. మెసేజ్‌ని రెండు నుంచి ఐదు అక్షరాల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క ఎంత అరుదో చూసి విలువ కట్టే టీఎఫ్-ఐడీఎఫ్, దాని మీద మంచిదా దొంగదా తేల్చే లాజిస్టిక్ రిగ్రెషన్. పదాలు కాకుండా ముక్కలు ఎందుకంటే, తెలుగులో "కరెంటు", "కరెంటుకి", "కరెంటులేక" మూడూ మూడు పదాలైపోతాయి. ముక్కల్లో అయితే "కరెం" మూడింటిలోనూ దొరుకుతుంది.

మొదటిసారే నూటికి నూరు వచ్చింది. సంబరపడి అమ్మకి కూడా చెప్పాను. గంట తర్వాత అసలు సంగతి తెలిసింది. ఒకే దొంగ మెసేజ్ ఐదు ఫోన్లకి వచ్చింది, కింద నంబరు మాత్రమే మారింది. వాటిలో మూడు మోడల్ నేర్చుకునే శిక్షణలోకి, రెండు అది నేర్చుకుందో లేదో చూసే పరీక్షలోకి పడ్డాయి. పేపరు ముందే చూసి పరీక్ష రాసినట్టన్నమాట. ఒకే పోలికలో ఉన్నవాటిని గుంపులుగా కట్టి, ఒక గుంపు మొత్తం ఒకే వైపు ఉండేలా మళ్లీ విడగొట్టాను. ఇప్పుడు పరీక్షకి పెట్టిన 40 దొంగ మెసేజ్‌లలో 36 పట్టుకుంటోంది. ఈ అంకె అమ్మకి చెప్పలేదు.

జూన్ 28

బావని రంగంలోకి దించాను. మేనత్త కొడుకు, మలికిపురం సెంటర్లో సెల్ షాపు. కోడు ఒక్క ముక్క రాదు గానీ, రోజూ పది మంది పెద్దవాళ్లు "బాబూ, ఈ మెసేజేంటో చూడు" అని ఫోన్ చేతికిచ్చి నిలబడతారు. దొంగలు ఎలా రాస్తారో వాడికి తెలిసినంత నాకు తెలియదు. పందెం పెట్టుకున్నాం. వాడు దొంగ మెసేజ్‌లు రాయాలి, నాన్న చదివితే అర్థం కావాలి, నా స్క్రీన్ మీద మాత్రం దొంగదని చెప్పే ఎర్ర గుర్తు రాకూడదు. గెలిస్తే ఆత్రేయపురం పూతరేకులు పెట్టె నిండా.

రెండో మెసేజ్‌కే పచ్చ గుర్తు.

"మీ బ్యా౦కు అకౌ౦టు ఆగిపోయి౦ది, వె౦టనే ఈ న౦బరుకు ఫోన్ చేయ౦డి." ఇంతే. ఇలాంటివి శిక్షణలోనే పదిహేనున్నాయి. ఎందుకు పట్టుకోలేదో పావుగంట చూసినా అంతు చిక్కలేదు. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది, ఆ పట్టిక పేరు యూనికోడ్. చివరికి ఒక్కో అక్షరం కోడ్ ప్రింట్ చేయించాను. తెలుగు సున్న, అదే అనుస్వారం, యూనికోడ్‌లో 3074. బావ మెసేజ్‌లో దాని చోట 3174 ఉంది. అది తెలుగు అంకెల్లో సున్నా. సరిగ్గా వంద తేడా. కంటికి రెండూ ఒకటే గుండ్రం. ఈ ఫాంట్‌లో అంకె సున్నా ఒక పిసరు లావు, అదీ చెబితేనే తెలుస్తుంది.

"భలే దెబ్బ కొట్టావు బావా" అన్నాను.

"ఏం దెబ్బరా? ఈ కీబోర్డులో నాకు సున్న ఎక్కడుందో తెలీదు. ఎప్పుడూ అంకెల్లోంచి తెచ్చి పెడతాను" అన్నాడు.

అంటే దాడి కూడా కాదు, అలవాటు! పాత ఫైళ్లు తిరగేస్తే వాడి షాపు బోర్డు, సంక్రాంతి ఫ్లెక్సీ, అన్నీ అదే సున్నాతో ఉన్నాయి.

రాత్రి కూర్చుని ఆ ఒక్క మార్పే పరీక్ష మెసేజ్‌లన్నిటికీ చేసి చూశాను. తెలుగు సున్న తీసి అంకె సున్నా పెట్టడం, మరే మార్పూ లేదు. 40కి 36 పట్టుకునేది 19కి పడిపోయింది. ఇంత నష్టం ఎందుకో కాసేపటికి వెలిగింది. బ్యాంకు, కరెంటు, అకౌంటు, నంబరు, వెంటనే: దొంగ మెసేజ్‌కి ముఖ్యమైన మాటలన్నిటిలోనూ సున్న ఉంది. ఆ పైన చేయండి, కట్టండి, పంపండి, నొక్కండి. తెలుగులో మర్యాదగా ఏ పని చెప్పినా చివర "అండి" వస్తుంది, దాంతోపాటే సున్న. వాక్యం ఎక్కడ తెగ్గొట్టాలో దొంగకి మన వ్యాకరణమే చూపిస్తోంది.

జులై 2

ఇది కొత్త విషయమేమీ కాదు. 2021లో బౌచర్, షుమైలోవ్, ఆండర్సన్, పేపర్నో అనే నలుగురు ఒక పేపర్ రాశారు. కనపడని అక్షరాలు, చూడ్డానికి ఒకేలా ఉండే వేరే లిపి అక్షరాలు, వరుస తిప్పే గుర్తులు, చెరిపేసే గుర్తులు వాడి, మనిషి కంటికి ఏ తేడా లేకుండానే భాషా మోడళ్లను బోల్తా కొట్టించొచ్చని చూపించారు. చదువుతుంటే మన ఇంటి గురించే రాసినట్టనిపించింది. తెలుగుకి పక్కనే కన్నడం ఉంది. యూనికోడ్‌లో తెలుగు పట్టిక 3072 దగ్గర మొదలైతే కన్నడ పట్టిక 3200 దగ్గర. మన గ 3095, కన్నడ గ 3223, తేడా 128. మన ర 3120, కన్నడ ర 3248, అదే 128. గ, ర లాంటివి రెండు లిపుల్లోనూ దాదాపు ఒకటే. ఫోన్‌లో చిన్న సైజులో వస్తే బళ్లారి వాళ్లు కూడా తడబడతారేమో.

ఒకే అక్షరాన్ని రకరకాలుగా రాసినా ఒకే రూపంలోకి తెచ్చే యూనికోడ్ సర్దుబాటు పెడితే పోతుందనుకుని ఎన్‌ఎఫ్‌కేసీ వేశాను. ఒక్కటీ మారలేదు. ఆలోచిస్తే మారకపోవడమే సబబు. దాని దృష్టిలో తెలుగు ర, కన్నడ ర వేర్వేరు అక్షరాలు, వాటిని కలిపేస్తే కన్నడం వాళ్లు ఊరుకోరు. చివరికి పట్టిక చేత్తోనే రాసుకున్నాను. కన్నడ అక్షరానికి తెలుగు జోడీ, ఒక్కొక్కటి కళ్లతో చూసి. అంకె సున్నాకి ఒక షరతు: దాని ముందు తెలుగు అక్షరం గానీ గుణింతం గానీ ఉంటేనే సున్నగా మార్చాలి, ముందు అంకె ఉంటే వదిలేయాలి. లేకపోతే ౧౦ కాస్తా ఒకటీ సున్నా కాకుండా పోతుంది. ఇంగ్లీష్ చిన్న ఓ అక్షరాన్ని కూడా కొందరు సున్న చోట వాడతారు, దానికీ ఇదే షరతు.

మధ్యలో ఒక సరదా. ఫోన్ నంబరు తెలుగు అంకెల్లో రాస్తే ఏమవుతుందో చూశాను. పైథాన్ ౯౮ని నిక్షేపంగా 98 అని చదివేసింది. నాన్న కూడా చదివేశాడు. ఇంట్లో తడుముకున్నది నేనొక్కడినే.

జులై 4

బుద్ధి తక్కువ పని ఒకటి చేశాను, రాసి పెట్టుకోవాలి.

అక్షరాల మధ్య కనపడకుండా కూర్చునే గుర్తులున్నాయి కదా, వాటిలో 8204 నంబరుది ఎక్కువగా కనిపిస్తోంది. కనపడనిది పెట్టాడంటే వాడు దొంగే అనుకుని, అది ఉంటే ఎర్ర గుర్తు అని రూలు పెట్టాను. మర్నాడు చూస్తే వాతావరణ హెచ్చరిక ఎరుపు. బ్యాంకు తెలుగులో పంపిన అసలు మెసేజ్ ఎరుపు. చిన్నాన్న కూతురి పెళ్లిపిలుపు ఎరుపు!

ఆ గుర్తు తెలుగులో రోజూ వాడేదే. "ఫోన్‌లో" అని రాయాలంటే న పొల్లు తర్వాత అది పడాలి, లేకపోతే న కింద ల వత్తు వచ్చి "ఫోన్లో" అయిపోతుంది. శుభ్రంగా టైప్ చేసేవాళ్లే దాన్ని ఎక్కువ వాడతారు. అంటే నా రూలు తెలుగు సరిగ్గా రాసేవాళ్లందరినీ దొంగల్లో కలిపేసింది. ఇంగ్లీష్ పేపర్ చదివి వచ్చిన ఉత్సాహంలో మన లిపి అవసరం మర్చిపోయాను. రూలు తీసేసి, ఆ గుర్తుల్ని చప్పుడు చేయకుండా చెరిపేసి మోడల్‌కి ఇస్తున్నాను. శిక్షణకీ అదే, పరీక్షకీ అదే. సున్నలు మార్చిన మెసేజ్‌లలో ఇప్పుడు 40కి 36 మళ్లీ వచ్చాయి.

జులై 9

బావ రెండో దెబ్బ. ఈసారి కావాలనే కొట్టాడు.

కరెంటు కట్ మెసేజ్‌నే తీసుకున్నాడు, అక్షరం కూడా మార్చలేదు. అది ఒక్కటే పెడితే స్కోరు (సున్నా అంటే మంచిది, ఒకటి అంటే దొంగది) 0.97, ఎరుపు. దాని కింద "వంద కౌంట్ రేటు పెరిగింది, మేత బస్తాలు వచ్చాయి" అని చేర్చాడు (వంద కౌంట్ అంటే కిలోకి వంద తూగే రొయ్యలు). 0.74. ఇంకో లైను: "ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్లు వదిలారు, లాకులు ఎత్తారు." 0.38, పచ్చ. ఆ మాటలన్నీ నాన్న ఫోన్‌లో రోజూ వచ్చే మంచి మెసేజ్‌ల్లోవి. వాటిని ఎన్నిసార్లు చూస్తే మోడల్ అంత గట్టిగా "ఇది మనవాళ్లదే" అని నేర్చుకుంది.

లోపల జరిగేది కాటా లాంటిదే. లాజిస్టిక్ రిగ్రెషన్‌లో ప్రతి ముక్కకీ ఒక బరువు ఉంటుంది, దొంగవైపుదైతే ప్లస్, మంచివైపుదైతే మైనస్. అన్నీ కూడి ఎటు మొగ్గితే అదే తీర్పు. రొయ్యల పట్టుబడి రోజు కాటా దగ్గర నిలబడ్డ రైతుకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక పళ్లెంలో ఉన్న బరువు తీయనక్కర్లేదు, రెండో పళ్లెంలో ఇంకొంచెం వేస్తే చాలు.

మెషిన్ లెర్నింగ్ మీద దాడులంటే అందరూ పాండా బొమ్మ చెబుతారు. 2014లో గుడ్‌ఫెలో వాళ్లు పాండా ఫోటోకి కంటికి కనపడనంత నలుసు కలిపారు. అప్పటిదాకా 57.7 శాతం నమ్మకంతో పాండా అన్న మోడల్, 99.3 శాతం నమ్మకంతో గిబ్బన్ అనే వానరం అంది. బొమ్మ బాగుంటుంది కాబట్టి ఎక్కువ తిరిగింది. కానీ స్పామ్ పట్టేవాళ్లకి ఈ తలనొప్పి అంతకు పదేళ్ల ముందే ఉంది. ఫిల్టర్ ఎలా ఆలోచిస్తుందో ఊహించి మెసేజ్ మార్చుకునే ప్రత్యర్థిని లెక్కలోకి తీసుకోవాలని 2004లో దాల్వీ, డొమింగోస్ వాళ్లు రాశారు. 2005లో లౌడ్, మీక్ అయితే బావ చేసిన పనికి పేరే పెట్టారు: మంచి మాటల దాడి. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఏఐతో పనిచేసే ఒక యాంటీవైరస్ మీద ఇదే ఎత్తు వేశారు. ఒక వీడియో గేమ్ ఫైల్లోంచి తీసిన మాటల్ని వైరస్ ఫైలు వెనక అతికిస్తే, అది మంచిదేనని వదిలేసింది. వాళ్లకి గేమ్ దొరికింది, బావకి వంద కౌంట్ దొరికింది.

జులై 13

రెండు మందులు ప్రయత్నించాను.

ఒకటి, మెసేజ్ మొత్తానికి ఒకే తీర్పు కాకుండా, వాక్యం వాక్యానికీ విడిగా స్కోరు తీసి, వాటిలో పెద్దదాన్ని పట్టుకోవడం. ఎన్ని మంచి మాటలు కింద వేసినా పైన ఉన్న దొంగ వాక్యం దాని స్కోరుతో అది ఉంటుంది. చాలావరకు పనిచేసింది. కానీ బావ వెంటనే ఫుల్‌స్టాపులు తీసేసి, అన్నీ ఒకే వాక్యంగా కలిపి రాశాడు. వాక్యాల బదులు పన్నెండేసి మాటలు కనిపించే కిటికీ జరుపుకుంటూ, ఒక్కోసారికి ఒక్కో స్కోరు తీసేలా మార్చాను.

రెండోది నాకు ఎక్కువ నచ్చింది. 2018లో రెండు వేర్వేరు బృందాలు వైరస్‌లు పట్టే మోడళ్లకి చేసినదే: మైనస్ బరువులే లేకుండా చేయడం. మంచి మాటకి సున్నా, దొంగ మాటకి ప్లస్. అప్పుడు మెసేజ్‌కి ఏది కలిపినా స్కోరు పెరగాలి లేదా అక్కడే ఉండాలి, తగ్గే దారి లేదు. సైకిట్-లెర్న్ లాజిస్టిక్ రిగ్రెషన్‌లో ఆ వీలు లేక, సైపై అనే ఇంకో పైథాన్ లైబ్రరీలో హద్దులు పెట్టి రాసుకున్నాను. ఒక చిక్కు మాత్రం వచ్చింది. ముక్కల సంఖ్య పెరిగితే టీఎఫ్-ఐడీఎఫ్ ఒక్కో ముక్క విలువని తనంతట తనే తగ్గించేస్తుంది, అంటే దొంగకి మళ్లీ సందు. అది తీసేసి, ముక్క ఉందా లేదా అన్నంత వరకే ఉంచాను.

దీనికి ధర ఉంది. డిస్కం (కరెంటు కంపెనీ) పంపిన అసలు బిల్లు మెసేజ్ కూడా ఎరుపైంది, ఎందుకంటే కరెంటు, బిల్లు, చెల్లించండి అన్నవి అందులోనూ ఉంటాయి, దాన్ని కాపాడే మంచి మాటలకి ఇప్పుడు విలువ లేదు. అందుకని మాటలు పక్కనపెట్టి, ఎవరు పంపారన్నది చూడటం మొదలుపెట్టాను. బ్యాంకు, డిస్కం మెసేజ్‌లు హెడర్ అనే అక్షరాల పేరుతో వస్తాయి, మామూలు పది అంకెల నంబరు నుంచి రావు. 2025 నుంచి ఆ హెడర్ చివర ఒక అక్షరం కూడా ఉంటోంది, ప్రభుత్వానిదైతే జీ, లావాదేవీ అయితే టీ, సర్వీసుకి ఎస్, ప్రచారానికి పీ. హెడర్లు దుర్వినియోగమైన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి దాన్ని చూసి పూర్తిగా వదిలేయడం లేదు, ఎరుపు చూపించే స్కోరు హద్దు మాత్రం వాటికి కాస్త పైకి జరిపాను.

జులై 16

చిన్న విషయం, కానీ ముందే తట్టి ఉండాల్సింది. ఇన్నాళ్లూ బావకి స్కోరు చూపిస్తున్నాను! ఒక మాట మార్చడం, 0.97 కాస్తా 0.91 అయిందా చూసుకోవడం, ఇంకో మాట మార్చడం. రేడియోలో స్టేషన్ పట్టినట్టు తిప్పుకుంటూ వచ్చేస్తున్నాడు. ఈ రోజు స్కోరు తీసేసి రంగు మాత్రమే ఉంచాను. నాలుగైదు మార్పులకి దొరికేది ముప్పై దాటినా దొరక్క, టీ తాగి వెళ్లిపోయాడు. బయట మెసేజ్ పంపే దొంగకి ఆ రంగు కూడా కనపడదు. మెసేజ్ అందిందో, ఎరుపైందో, నాన్న చూసి నవ్వుకున్నాడో వాడికి తెలియదు.

జులై 20

యాప్ సిద్ధమైంది. బరువులన్నీ ఒక ఫైల్లో పెట్టి ఫోన్‌లోనే లెక్కకట్టేలా చేశాను, ఏ మెసేజూ బయటికి పోదు. నాన్న ఫోన్ తీసుకుని ఎక్కించబోతే చేయి అడ్డం పెట్టాడు.

"ఏంటది?"

"యాప్ నాన్నా. నేను చేసిందే. ఏపీకే ఫైలు."

"ఏపీకే ఏదొచ్చినా వేసుకోవద్దని నువ్వేగా చెప్పావు? మెసేజ్‌లన్నీ చదివే పర్మిషన్ అడిగితే అసలే ఇవ్వొద్దన్నావు."

జవాబు లేదు. పది నిమిషాలు నచ్చజెప్పాక ఇచ్చాడు. నచ్చజెబుతున్నంతసేపూ ఆ ఆఫీసరు కూడా ఇలాగే మాట్లాడి ఉంటాడనిపించింది.

జులై 27

బావకి పూతరేకులు కొనిపెట్టాల్సి వచ్చింది.

షాపులో కుర్రాడి సిమ్ నుంచి నాన్నకి మెసేజ్ పంపాడు: "మావయ్యా, నా ఫోన్ కాలవలో పడింది. ఇది ఫ్రెండ్ నంబరు. ఒకసారి చెయ్యి." బ్యాంకు లేదు, కరెంటు లేదు, డబ్బు ఊసు లేదు. "చెయ్యండి" కూడా లేదు, మేనల్లుడు కదా, "చెయ్యి". పచ్చ గుర్తు వచ్చింది, రాక ఏం చేస్తుంది? ఇందులో పట్టుకోవడానికి దొంగ మాట ఏదీ లేదు. నాన్న వెంటనే ఫోన్ చేశాడు, కుర్రాడు ఎత్తి బిత్తరపోయాడు, విషయం తెలిశాక నాన్న బావతో రెండు రోజులు మాట్లాడలేదు. నాతో కూడా అంతంతమాత్రమే.

మూడో రంగు పెట్టాను, పసుపు. దీనికి మోడల్‌తో పనిలేదు. నంబరు కాంటాక్టుల్లో లేకపోయి, మెసేజ్‌లో లింకో, ఫోన్ నంబరో, ఫోన్ చేయమనడమో ఏదో ఒకటి ఉంటే పసుపు. దొంగ సున్నలు మార్చుకోగలడు, మంచి మాటలు చల్లుకోగలడు. కానీ నాన్న తనని చేరుకోవడానికి ఏదో ఒక దారి వదలాలి, లేకపోతే వాడికే గిట్టుబాటు కాదు.

ఆగస్టు 3

వారంలో పసుపు 11 సార్లు వచ్చింది. తొమ్మిది అక్కర్లేనివి. మేత కొట్టు కొత్త నంబరు, డీజిల్ తెచ్చే కుర్రాడు, సీడు ఏజెంటు, పెళ్లిసంబంధాల వాళ్లు. నాన్న విసుక్కున్నాడు: "మేత కొట్టువాడు కూడా దొంగేనా నీ లెక్కలో?" దొంగ అనడం లేదు, నీకు తెలిసినవాడైతే సేవ్ చేసుకో అన్నాను.

ఇన్నేళ్లలో నాన్న ఫోన్‌లో నంబర్లు సేవ్ చేయడం నేను చూడలేదు, అన్నీ నోటికే. ఈ రోజు సాయంత్రం చెరువు గట్టు మీద కూర్చుని కళ్లజోడు పెట్టుకుని ఏడు సేవ్ చేశాడు. లైన్‌మన్ నంబరుకి పేరు అడిగితే "కరెంటు" అని ఒక్క మాటే కొట్టాడు. ఊరుకోలేక ఆ సున్న కోడ్ చూశాను. 3074.